నువ్వుండల డబ్బా, మైనం ముక్క

మా వంటింట్లో ఆవాలు పోసుకునే స్టీలు డబ్బా మీద మా వాళ్ళెవరి పేరూ ఉండదు. చుక్కలు చుక్కలుగా చెక్కిన ఎవరో పెద్దమనిషి పేరు, దాని కింద బిలాస్‌పూర్ అని ఊరి పేరు ఉంటాయి. మొన్న సెలవులకి వచ్చిన మా అమ్మాయి పప్పుకి పోపు వేస్తూ, "ఎవరి డబ్బానే అమ్మా ఇది? కొట్టుకొచ్చావా?" అంది.

"కొట్టుకు రాలేదే, సాక్ష్యం చెప్పినందుకు ఫీజుగా ఇచ్చారు" అన్నాను. అది పడీపడీ నవ్వింది. ఈలోగా పోపు మాడిపోయింది. నవ్వితే నవ్వింది గాని, నేను నిజమే చెప్పాను.

రెండువేల ఎనిమిది తొమ్మిది ప్రాంతంలో మా ఆయన బొగ్గు కంపెనీలో ఆఫీసరుగా బిలాస్‌పూర్‌లో ఉండేవారు. నేను పేథాలజీ చదివినదాన్ని. అంటే నాడి పట్టుకునే డాక్టర్ని కాదు, ఒంట్లోంచి తీసిన ముక్కని మైక్రోస్కోప్ కింద పెట్టి రోగం పేరు చెప్పే డాక్టర్ని. ఊళ్ళో తెలిపారా అనే పేటలో ఒక మేడ కింది భాగం అద్దెకి తీసుకుని లేబొరేటరీ పెట్టాను. మాది తెనాలి వైపు. ముందు నా కోపం పుట్టింది, దాని వెనకాల నేను పుట్టాను అంటుండేది మా అమ్మ.

ఒకరోజు పొద్దున్నే రిక్షా దిగి, లోపలికొస్తూనే ఒక పెద్దావిడ, "ఏటమ్మా డాక్టరమ్మా, రైట్ టైమేనా?" అంది. లేబొరేటరీ తెరిచే వేళ అడుగుతోందేమో అనుకుని, "ఎనిమిదింటికే తెరుస్తామండీ" అన్నాను. ఆవిడ నవ్విన నవ్వుకి మైక్రోస్కోప్ పక్కన పేర్చిన గాజుపలకలు కదిలాయి. వాళ్ళది శ్రీకాకుళం నుంచి ఎప్పుడో వలస వచ్చిన రైల్వే కుటుంబం. మామగారు రైల్వే, మొగుడు రైల్వే, అల్లుడు కూడా రైల్వే. వాళ్ళింట్లో బాగున్నారా అని అడగరు. రైట్ టైమేనా అంటారు. కొంచెం నలతగా ఉంటే "అరగంట లేటు" అంటారు. మోకాలి నొప్పి వస్తే "సిగ్నల్ దగ్గర ఆపీసేడు" అంటుంది ఆవిడ. ఆ రోజు సుగర్ పరీక్ష కోసం వచ్చింది. రక్తం ఇవ్వడానికి వచ్చిన మనిషి నాకు టిఫిన్ కట్టుకొచ్చింది. "తెలుగు డాక్టరమ్మ వచ్చిందనీసి తెలిసింది. ఈ ఊర్లో నీకు మినపరొట్టి ఎవడెడతాడు?" అని అడిగింది. అప్పట్నుంచి నేను ఆవిడని పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను డాక్టరమ్మా అనేది, ముద్దొస్తే గుంటా, అంటే పిల్లా, అనేది. నలభయ్యో పడిలో ఉన్న నన్ను గుంటా అని పిలిచిన మనిషి ఆవిడ ఒక్కతే.

బాబాయిగారు, అంటే వాళ్ళాయన, వ్యాగన్లు తనిఖీ చేసేవారు. రైలు ఆగగానే చిన్న సుత్తి పట్టుకుని చక్రాన్నల్లా టంగుమనిపిస్తూ నడుస్తారే, ఆ ఉద్యోగం. తేడాగా మోగిన వ్యాగన్ మీద సుద్దముక్కతో గుర్తు పెడితే దాన్ని తప్పించి సిక్ లైన్ అనే వేరే పట్టా మీదికి తోసేస్తారు. బాగుచేశాక దాని మీద ఫిట్ అని రాసి వదుల్తారు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క, ఒక బీడీకట్ట ఉండేవి. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి క్వార్టర్ వెనక మెట్ల మీద కూర్చుని బీడీ వెలిగించేవారు. పక్కనే ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చునేది. ఆవిడే మాట్లాడేది, ఆయన వినేవారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళ సంసారం సగం ఆ మెట్ల మీదే జరిగింది.

ఆవిడకి దగ్గు పట్టుకుంది. ఎన్ని మందులు వాడినా పోలేదు. రైల్వే ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే నీడ కనిపించింది. రాయపూర్‌లో సూది పెట్టి ఊపిరితిత్తిలోంచి ముక్క తీశారు. ఆ ముక్క నా దగ్గరికే వచ్చింది. మైక్రోస్కోప్‌లో చూస్తున్నంతసేపూ ఇది ఆవిడది కాకపోతే బాగుండునని చీటీ మీద పేరు మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. కేన్సరే.

ఆవిడకి నేనే చెప్పాను. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుంది. తర్వాత, "చూపించు" అంది.

"ఏం చూపించమంటారు?"

"అదే. నా ఒంట్లోకి దూరి కూర్చున్న దొంగ మొహం నాను చూడొద్దేటి?"

స్టూలు ఎత్తు పెంచి, కళ్ళజోడు తీయించి, కన్ను ఎక్కడ పెట్టాలో చూపించాను. మేము ముక్కకి వేసే రంగులు రెండు, గులాబీ, ఊదా. ఆవిడ చాలాసేపు చూసింది. ఏడుస్తోందేమోనని భుజం మీద చెయ్యి వేశాను. "ఓలమ్మ ఓలమ్మ! ఏటి రంగులే ఇవి! గుంటా, ఈ గులాబీకి ఈ ఊదా అంచు చీర దొరికితే ఎంత బాగుంటాదో!" అంది. నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. ఏది ముందు రానివ్వాలో తెలియక ఆవిడని కోప్పడ్డాను.

రైల్వే కాలనీలో వార్త పాకింది. ఎదురు క్వార్టర్‌లో ఒక మామ్మగారు ఉండేది. కాలనీలో ఎవరి తప్పైనా సరే, తీర్పు చెప్పేది ఆవిడే. కుళాయి దగ్గర నలుగురూ ఉండగా బాబాయిగారి మొహం మీదే అనేసింది: "జన్మలో బీడీ ముట్టని మనిషికి ఇదెలా వొచ్చిందయ్యా? నీ పొగే దాన్ని తినీసింది." ఆయన బిందె అక్కడే వదిలేసి వచ్చేశారు. ఆ రోజే బీడీ మానేశారు. అక్కడితో ఆగినా బాగుండేది. తన ఊపిరి తగిలినా ఆవిడకి చేటే అనుకుని మంచం వసారాలోకి మార్చుకున్నారు. వెనక మెట్ల మీదికి రావడం మానేశారు. ఆవిడ చిక్కుడుకాయల చాట పట్టుకుని పిలిస్తే, గుమ్మం అవతల నుంచే, "వొద్దులే, నువ్వు కూకో" అనేవారు.

అప్పుడొచ్చింది ఆవిడ నా దగ్గరికి, టిఫిన్ లేకుండా.

"సిక్ లైన్లో ఉన్నది నాను కాదమ్మా. ఆయన" అంది. "నాకేటైనా పర్లేదు. ఆ మనిషి మెట్ల మీద నా పక్కన కూకోవాల. అంతే. రాయపూర్ డాక్టరుగారు కొత్త పరీక్షేదో ఉందన్నారు. అందులో ఎవరి వల్ల వొచ్చిందో తెల్సిపోతాదేటి?"

"అలా పేరు రాసి రాదు పిన్నిగారూ" అన్నాను. "మన ప్రతి కణంలో అది ఏం చెయ్యాలో రాసి ఉంటుంది. ఈ కేన్సర్ కణంలో ఆ రాత ఎక్కడ చెడిందో చూస్తారు. ఒక జన్యువులో ఫలానా మార్పు ఉంటే రోజుకో మాత్రతో దాన్ని అణచొచ్చు. ఆ మార్పు ఎక్కువగా పొగ తాగని వాళ్ళకొచ్చే రకంలోనే కనబడుతుంది. ఉంటుందో ఉండదో నేను చెప్పలేను. ముక్కని ముంబై పంపాలి."

"అయితే పంపీ. ఆలోచించడమేటి?"

ముక్క అంటే విడిగా ఉండదు. ఆవగింజంత ముక్కని చిన్న మైనం దిమ్మలో పొదిగి ఉంచుతాం. ఆ దిమ్మ పోయిందంటే మళ్ళీ సూది, మళ్ళీ రాయపూర్. కొరియర్ చేస్తానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. మామిడికాయ కారం దగ్గర్నుంచి శుభలేఖ దాకా వాళ్ళ ఇళ్ళల్లో ఏదైనా సరే, డ్యూటీ మీద వెళ్ళే తెలిసినవాళ్ళ చేతికిచ్చి పంపించుకోవడమే. ఈ గార్డు నాగపూర్‌లో దిగి ఆ గార్డుకిస్తాడు. ఆయన ముంబైలో వాళ్ళ మనిషికిస్తాడు. "కొరియర్ వోడు నాకేటవుతాడు? నా ఊపిరితిత్తి తీసుకెళ్ళి వాడి చేతిలో ఎడతావా?" అంది. నా కోపం అందరి మీదా పనిచేసేది, ఆవిడ మీద తప్ప.

దిమ్మని దూదిలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టారు. వాళ్ళింట్లో ఒకేలాంటి డబ్బాలు ఒక వరసంతా ఉండేవి, అన్నిటి మీదా బాబాయిగారి పేరే. ఎలాగూ బండి నాగపూర్ మీంచే పోతుంది కదా అని, అక్కడున్న ఆడపడుచుకి నువ్వుండలు కూడా చుట్టి ఇంకో డబ్బాలో పెట్టింది. రెండు గుడ్డసంచులు కుట్టి, బాబాయిగారి చేత రెండిటి మీదా చిరునామాలు రాయించింది. సంచులు బండెక్కాయి.

కొన్నాళ్ళకి ముంబై నుంచి ఫోన్ వచ్చింది. అవతల ఒక డాక్టరమ్మాయి, చాలా మర్యాదగా అడిగింది. "మేడమ్, మీ స్పెసిమెన్ అందింది. గుండ్రంగా, గోధుమరంగులో, గట్టిగా ఉంది. పైన నువ్వులు కనిపిస్తున్నాయి. ఇది ఏ అవయవం అని రాసుకోమంటారు?"

రిక్షా ఎక్కి కాలనీకి ఎలా వెళ్ళానో నాకు గుర్తు లేదు. దారంతా రిక్షావాణ్ణి తిట్టాను, పాపం వాడికేం సంబంధం! నేను చెప్పగానే బాబాయిగారు, "నానే. చిరునామాలు రాసింది నాను. నానే మార్చీసేను. అన్నీ నా వల్లే" అన్నారు.

ఆవిడకి రోషం వచ్చేసింది. "ఇది కూడా మీరే చేసీసేరేటి? అన్నీ మీరే చేసీస్తే మరి నానేటి చెయ్యాల ఇంట్లో? డబ్బాలు సంచిలో ఎట్టింది నాను. మాటల్లో పడి చూసుకోలేదు. ఫోన్ కలపండి ముందు!"

నాగపూర్‌లో ఆడపడుచు ఎత్తింది. "డబ్బా అందింది వొదినా! దూదిలో చుట్టి పంపేవంటే ఏదో గుడి నుంచి తెచ్చిన రక్ష అనుకున్నాను. నీ ఒంట్లో బాగోలేదు కదా, మొక్కులేవో మొక్కుంటావనీసి. దేవుడి దగ్గరెట్టి రోజూ బొట్టెట్టి దీపం పెడతన్నాను."

నేను ఫోన్ లాక్కున్నాను. "దీపం ఎంత దూరంలో పెట్టారు?" అని అరిచాను. మైనం కరిగితే ఆవగింజంత ముక్క ఏ వత్తిలో కలిసిపోతుందో!

"మూరెడు దూరంలోనే ఎట్టేనమ్మా. ఎవరూ మీరు, పూజారిగారి తాలూకానా?"

దిమ్మ కరగలేదు. ఆ ఆడపడుచు మొగుడే స్వయంగా ముంబై పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఆ డాక్టరమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. మైనం మీద కుంకుమ ఉంటే పైపొర గీకేశామని, లోపలి ముక్కకి ఏమీ కాలేదని చెప్పింది. చివర్న గొంతు తగ్గించి, "మొదటి స్పెసిమెన్ మేము తినేశాం మేడమ్, చాలా బాగుంది" అంది.

రిపోర్టు వచ్చిన రోజు నేను ఫోన్ చెయ్యలేదు. నేనే వెళ్ళాను. వెనక మెట్ల మీద ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. బాబాయిగారు గుమ్మం అవతల నుంచున్నారు. "ఉంది పిన్నిగారూ!" అన్నాను. "మనం వెతికిన మార్పు ఉంది. ఆ జన్యువు పంతొమ్మిదో భాగంలో పదిహేనక్షరాలు ఎగిరిపోయాయి. మాత్ర పనిచేసే రకమే."

ఆవిడ మాత్ర గురించి అడగలేదు. "ఎలా ఎగిరిపోయేయి? మా అమ్మ దగ్గర్నుంచి వొచ్చిందేటి? నా కూతురికి వొస్తాదేటి?"

"లేదు. మీతో పుట్టింది కాదు. మధ్యలో ఎప్పుడో ఊపిరితిత్తిలో ఒక కణం తన రాతని తిరగరాసుకునేటప్పుడు జరిగిన పొరపాటు. అది మీతోనే ఆగుతుంది."

"మరైతే ఎవరి వల్ల?"

"ఈ రకం ఎందుకొస్తుందో ఎవరికీ తెలియదు. ఎక్కువగా పొగ తాగని వాళ్ళకే వస్తుంది. పొగ మంచిదని నేను చచ్చినా అనను. కానీ ఇది బాబాయిగారి బీడీ వల్లే వచ్చిందని మాత్రం ఏ డాక్టరూ చెప్పలేడు."

ఆవిడ గుమ్మం వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఆయన లోపలికి వెళ్ళి మొహం కడుక్కుంటున్నారు, నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. "నాకు చెప్తే చాలదమ్మా. ఆ కుళాయి దగ్గర విన్నోళ్ళందరికీ చెప్పాల" అంది.

శుక్రవారం నాడు పేరంటం పెట్టింది. కాలనీలో ఒక్క ఆడమనిషిని వదల్లేదు. గోల్‌బజార్ అంతా గాలించి తెచ్చుకున్న చీర కట్టుకుంది, గులాబీ రంగు, ఊదా అంచు. అచ్చం నా గాజుపలకే! శనగలు, తాంబూలం అందరి చేతుల్లో పెట్టి, ఎవరూ లేవకుండా గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. "డాక్టరమ్మ ఇప్పుడు సాక్ష్యం చెప్తాది" అంది.

అంతకు ముందే నాకూ ఆవిడకీ ఒక పోట్లాట అయింది. నేను అబద్ధం చెప్పనన్నాను. "అబద్ధం ఎవరు చెప్పమన్నారే? తెలిసినంత చెప్పు. మిగిలింది నాను చూసుకుంటాను" అంది. సరేనని తెలిసినంతే చెప్పాను, హిందీలో కొంత, తెలుగులో కొంత. జన్యువు అన్నాను, పంతొమ్మిదో ఎక్సాన్ అన్నాను. కాలనీ కోడళ్ళు అచ్ఛా అచ్ఛా అన్నారు. మామ్మగారు శనగలు నములుతూ, "నాకేటీ అర్థం కాలేదు. ఎవడి తప్పూ లేకుండా రోగం ఎలా వొస్తాది?" అంది.

పిన్నిగారు పీట మీంచి లేచింది. "మామ్మా, నా డబ్బాలు మారిపోనాయి, వినే ఉంటావు కదా?"

వినకపోవడమేమిటి, కాలనీ అంతా నెలరోజులుగా నవ్వుతున్న సంగతే.

"ఎవరైనా కావాలనీసి మార్చేరేటి? నాను కావాలనీసి నా ఊపిరితిత్తికి దీపం ఎట్టించేనా? రెండు డబ్బాలు ఒక్కలాగే ఉన్నాయి. చెయ్యి మారిపోయింది. లోపల కూడా అంతే. కోట్ల కోట్ల అక్షరాలు ఈ పక్క నుంచి ఆ పక్కకి సర్దుతా ఉంటాదంట ఒళ్ళు, ఒకచోట చెయ్యి మారిపోయింది. డబ్బాలకి కేసెట్టని దానివి, నా మొగుడి మీద కేసెందుకెట్టేవు?"

మామ్మగారు నమలడం ఆపింది. అందరూ ఆవిడ నోటి వైపే చూస్తున్నారు. మిగిలిన శనగలు కొంగున ముడేసుకుని, "అచ్ఛా. అలాగైతే మరి పిలువు నీ మొగుణ్ణి" అంది.

పిన్నిగారు బాబాయిగారిని పెరట్లోంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. అంతమంది ఆడవాళ్ళ మధ్య ఆయన కొత్త పెళ్ళికొడుకులా తల దించుకుని నుంచున్నారు. ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి, ఆయన్ని అటు తిప్పి, ఖాకీ చొక్కా వీపు మీద ఇంత పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో ఫిట్ అని రాసింది. ఆవిడకి ఇంగ్లీషులో రాయడం వచ్చిన మాట అదొక్కటే. జన్మంతా వ్యాగన్ల మీద చూసింది మరి! ఇల్లంతా గొల్లున నవ్వింది. మామ్మగారికి నవ్వి నవ్వి పొలమారింది. ఆ సాయంత్రం బాబాయిగారు వీపు మీద సుద్ద అలాగే ఉంచుకుని, మెట్ల మీద పెళ్ళాం పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలిచారు. బీడీ లేదు. అది మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

మాత్ర మొదలుపెట్టాక ఆవిడ మొహం నిండా మొటిమలు లేచాయి. ఆ మందు పనిచేసే వాళ్ళలో తరచుగా అలా వస్తాయని చెప్పాను. అంతే, ఇంక పట్టపగ్గాల్లేవు. ఉస్లాపూర్‌లో కూతురింటికి వెళ్ళి, అద్దం ముందు మనవరాలి పక్కన నుంచుని, "నీకంటే నాకే ఎక్కువొచ్చేయి చూడే" అని పందెం వేసిందట. తర్వాత తీసిన స్కాన్‌లో నీడ సగానికి సగం కరిగింది. ఆ ఫిల్మ్ పట్టుకుని నా లేబొరేటరీ గుమ్మంలోంచే అరిచింది: "గుంటా! రైట్ టైమే!"

ఆ మాత్ర శాశ్వతం కాదని నాకు తెలుసు, ఆవిడకీ చెప్పాను. కేన్సర్ ఇంకో దారి వెతుక్కుంటుందన్నాను. "వెతుక్కోనీ. ఈలోగా మా చిక్కుడుపాదు మళ్ళీ కాస్తాది" అంది. చాలాసార్లే కాసింది. ఆ తర్వాత ఒక వానాకాలంలో, ఎక్కువ బాధ పడకుండానే ఆవిడ వెళ్ళిపోయింది.

కర్మ భోజనాల రోజున వెళ్ళాను. వడ్డన జరుగుతుంటే, ఊరి నుంచి వచ్చిన చుట్టాలావిడ ఎవరో, వెనకటి సంగతులు తెలియక, "ఆ బీడీలు కాల్చే మొగుడు కాకపోయుంటే" అని మొదలుపెట్టింది. నా కోపం లేచేలోపే మామ్మగారి కోపం లేచింది.

"నోరు ముయ్యి!" అంది ముసలావిడ, విస్తరి ముందు నుంచి లేచి నుంచుని. "పంతొమ్మిదో నంబర్లో అక్షరాలు ఎగిరిపోనాయి. డాక్టరమ్మ చెప్పింది. అది తన మొగుడి వీపు మీద ఫిట్ అనీసి రాసీసింది, మేమందరం చూసేము. మా కాలనీలో ఆ కేసు మళ్ళీ ఎవరూ తెరవరు." అని బాబాయిగారి కోసం తనే ఒక విస్తరి వేసి, ఆయన్ని పిలిచి, తన పక్కన కూర్చోబెట్టుకుని తినిపించింది.

భోజనాలయ్యాక వెనక్కి వెళ్ళి చూస్తే ఆయన మెట్ల మీద ఉన్నారు, ఎప్పటిలా ఒక పక్కకి జరిగి, ఆవిడ చోటు ఆవిడకి వదిలి. నన్ను చూసి లేచి, పక్కనున్న స్టీలు డబ్బా నా చేతిలో పెట్టారు. "సాక్ష్యం చెప్పినందుకు డాక్టరమ్మకి ఏటీ ఇవ్వలేదు, ఈ డబ్బాలో నువ్వుండలు పోసి ఇచ్చీమని చెప్పిందమ్మా. నానే చుట్టేను. సుత్తి ఉంటే గాని పగలవు."

ఒకటి నోట్లో వేసుకున్నాను. నిజమే, రాయిలా ఉంది. ఎలా ఉన్నారని అడగబోయి, ఆ ఇంట్లో అడిగే పద్ధతి అది కాదని గుర్తొచ్చింది.

"రైట్ టైమేనా, బాబాయిగారూ?"

ఆయన ఖాళీగా ఉన్న మెట్టు వైపు చూశారు. తర్వాత నా వైపు చూసి నవ్వారు.

"లేటే తల్లీ. గాని నడుస్తన్నాది."